గట్టు మీద మొక్క పెడితే భూమి పోతుందా?

"సీతాకోకచిలుకల కోసం గట్ల మీద దేశవాళీ మొక్కలు పెంచమని ఎవరొచ్చినా సంతకం పెట్టకండి. చేనంతా పురుగు పడుతుంది. తర్వాత భూమి అటవీ శాఖకు పోతుంది. అమెరికాలో రైతులకు ఇదే జరిగింది." మా డెల్టా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. మా బాబాయ్ నాకు పంపి "నిజమేనేంట్రా?" అని అడిగారు. ఆయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

ముందు భూమి సంగతి. ఈ భయం ఉత్తినే పుట్టలేదు. కొల్లేరును 1999లో పక్షుల కోసం అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ హద్దుల్లో రైతుల సొంత (జిరాయితీ) భూములూ ఉన్నాయి. అది కళ్లారా చూసినవాళ్లకు పిట్ట పేరెత్తినా దడ పుడుతుంది. కానీ అది ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి గీసిన హద్దు. మన చేలో మనం నాటుకున్న మొక్క వల్ల అలాంటి హద్దు రాదు. వన్యప్రాణి చట్టం కింద సొంత భూమిని కమ్యూనిటీ రిజర్వు చేయాలన్నా యజమాని తనంతట తాను ముందుకు రావాలి.

ఇక అమెరికా మాట. అక్కడ సొంత భూముల్లో వన్యప్రాణులకు చోటు పెంచే 'పార్ట్‌నర్స్ ఫర్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్' పథకం 1987 నుంచి నడుస్తోంది. చేరడం రైతు ఇష్టం. ఒప్పందం మామూలుగా కనీసం 10 ఏళ్లు. నాటడానికి డబ్బు సాయం, సలహా ఇస్తారు, భూమి మాత్రం రైతుదే. కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దంటే నేనూ ఒప్పుకుంటాను.

ఇక పురుగు. మన సార్వా (ఖరీఫ్) వరిని ముంచేవి కాండం తొలిచే పురుగు, ఆకుముడత, సుడిదోమ. వీటిలో సీతాకోకచిలుక ఒక్కటీ లేదు. వరి ఆకు తినే సీతాకోకచిలుకలు కొన్ని ఉన్నా, వాటివల్ల పెద్ద నష్టం ఉండదు. మా కాలవగట్టు జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు చారల సీతాకోకచిలుక గొంగళిపురుగు ఒకటి కనిపించింది. వీపు మీద మూడు జతల నల్ల కొమ్ములు. వరి ఆకు వంగి దానికి తగులుతూనే ఉంది, అయినా జిల్లేడు వదల్లేదు. దాని తిండి అదే.

పైగా గట్టు మీద పూలుంటే, సుడిదోమ గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని నాశనం చేసే చిన్న కందిరీగలకు తేనె దొరుకుతుంది. థాయ్‌లాండ్, చైనా, వియత్నాంలలో ఇలా పూలమొక్కలు పెంచి చూస్తే పురుగుమందు వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. 2016లో అచ్చయిన ఫలితాలివి. కోనసీమ కొబ్బరితోటల్లోని కోకోకైతే తేనెటీగలు కూడా కాదు, కుళ్లిన ఆకుల్లో పుట్టే నలుసంత ఈగలు పరాగం మోస్తాయి. తోటంతా ఊడ్చేస్తే అవెక్కడ బతుకుతాయి?

దేశవాళీ అంటే ఏదైనా కాదు. వయ్యారిభామ మన మొక్క కాదు, కనిపిస్తే పీకేయండి.

మెసేజ్‌లో లేని ఒక మాట నేనే చెప్పాలి: ఎలుకలు. గట్టు లావైతే బొరియలు ఖాయం. అందుకే చేల మధ్య గట్లు సన్నగా చెక్కుకోవడమే మంచిది. మొక్కలకు తోట అంచు, మకాం వెనక దొడ్డి చాలు. బాబాయ్‌కి నల్లేశ్వరి తీగ ఇచ్చాను, ఎర్ర ఒంటి నల్ల రెక్కల సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. మకాం కంచెకు పాకించారు. ఇంకా గుడ్డు పడలేదు. రోజూ ఆకులు తిరగేసి చూస్తున్నారు.