బ్రాకెట్లో కాపురం

రష్యా రాజ్యాంగం మొత్తం చదివే ఓపిక మీకు లేకపోయినా ఫర్వాలేదు, ఐదో అధికరణంలోని ఒక బ్రాకెట్ చూస్తే చాలు. 'రిపబ్లిక్ (రాజ్యం)కు సొంత రాజ్యాంగం, సొంత చట్టాలు ఉంటాయి' అని ఉంటుంది అక్కడ. రాజ్యాన్ని బ్రాకెట్లో కూర్చోబెట్టిన ఆ మహానుభావుడెవరో గానీ, దండం పెట్టాల్సిందే. బ్రాకెట్లో ఉన్నదాని సంగతి ముందు తేల్చాలని లెక్కల మాస్టారు చెప్పేవారు. మాస్కో సరిగ్గా అదే చేసింది.

ఉదాహరణకు తాతార్‌స్తాన్, రష్యాలో అలాంటి ఒక రిపబ్లిక్, మన రాష్ట్రం లాంటిదన్నమాట. మన పిల్లలు డాక్టరు చదువులకని వెళ్లే కజాన్ దాని రాజధాని. 1990 ఆగస్టులో అప్పటి రష్యా నాయకుడు యెల్సిన్ అక్కడికొచ్చి, మింగగలిగినంత సార్వభౌమత్వం తీసుకోండన్నాడు. పాపం, నమ్మారు. 1992 మార్చిలో రెఫరెండం పెడితే 61 శాతానికి పైగా సరేనన్నారు. అదే ఏడాది నవంబరు 6న సొంత రాజ్యాంగం, 1994లో మాస్కోతో ఒప్పందం. ఆ సార్వభౌమత్వం నేతిబీరకాయలో నెయ్యేనని రష్యా రాజ్యాంగ న్యాయస్థానం 2000లోనే తేల్చేసింది. ఒప్పందాన్ని 2007లో మరో పదేళ్లకు రాసుకున్నారు. 2017 ఆగస్టులో గడువు తీరితే మాస్కో పొడిగించలేదు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత ఐదేళ్లకు పైగా తాతార్‌స్తాన్ రాజ్యాంగం మొదటి అధికరణం మాత్రం, మేము ఆ ఒప్పందంతో రష్యాతో కలిసి ఉన్నామని చెప్తూనే ఉంది. ఒప్పందం లేదు, కలిసి ఉండటం మాత్రం ఉంది. కొన్ని కాపురాలు ఇలాగే సాగుతాయి లెండి.

ఇక ప్రెసిడెంటు గారి బోర్డు కథ. దేశానికి ఒక్కడే ప్రెసిడెంటు ఉండాలని మాస్కోకు 2010లో జ్ఞానోదయమైంది. మిగతా రిపబ్లిక్కులన్నీ కిమ్మనకుండా పేరు మార్చుకున్నాయి. తాతార్‌స్తాన్ ఒక్కటే గడువు మీద గడువు దాటిస్తూ బోర్డు పట్టుకుని వేలాడింది. 2021 చివర్లో అదే మాట మీద మాస్కో ఇంకో చట్టం తెచ్చింది. 2022 డిసెంబరులో, సరే, ఇకమీదట 'రయీస్' (అధినేత) అంటాం, కానీ ఇప్పుడున్న మిన్నిఖానోవ్ గారు పదవీకాలం అయ్యేదాకా ప్రెసిడెంటుగానే ఉంటారని తీర్మానించారు. జనవరి వచ్చేసరికి, అబ్బే, అదీ వద్దని మళ్లీ సవరించారు. కజాన్ క్రెమ్లిన్‌లో స్క్రూడ్రైవర్ పట్టుకుని నిచ్చెనెక్కిన మనిషిని ఊహించుకోండి. రెండు స్క్రూలు విప్పగానే కింది నుంచి కేక: 'ఆగవయ్యా, 2025 దాకా ఉండనీ!' మళ్లీ బిగించి దిగుతాడు. జనవరిలో ఫోను: 'విప్పెయ్!' లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు, విజిటింగ్ కార్డులు, ఎన్వలప్పులు... ఒక్క స్టాంపు మిగిలినా దేశ సమైక్యతకు ముప్పే కదా. అదే ఊపులో సార్వభౌమత్వం, సొంత పౌరసత్వం అనే మాటల్ని కూడా రాజ్యాంగంలోంచి తీసేశారు. తీసినవాళ్లు మాస్కో వాళ్లు కాదు, కజాన్‌లో కూర్చున్న సొంత ప్రతినిధులే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. బోర్డు పోతే ఇంకో బోర్డు వస్తుంది. కానీ 2017లో బడి మీద పడ్డారు చూడండి, అక్కడ నాకు నవ్వు రాదు. తాతార్, రష్యన్ రెండూ సమాన రాజభాషలని ఇదే రాజ్యాంగం ఎనిమిదో అధికరణంలో ఉంది. పిల్లలందరూ రెండూ చదివేవాళ్లు. తమది కాని భాషను ఎవరి మీదా రుద్దకూడదని పుతిన్ సెలవిచ్చారు. వెంటనే ప్రాసిక్యూటర్లు బడుల తనిఖీకి దిగారు. రష్యన్ అందరికీ తప్పనిసరి, అది మాత్రం రుద్దడం కాదట! తాతార్ కావాలంటే తల్లిదండ్రులు రాసిచ్చుకోవాలి, అదీ వారానికి రెండు గంటలకు మించకుండా. తన ఊళ్లో, తన బళ్లో, తన రాజ్యాంగం రాజభాష అన్న భాషను బిడ్డకు నేర్పమని తల్లి అర్జీ పెట్టుకోవడమేమిటి? సిగ్గుండక్కర్లేదా? ఆ అర్జీ రాయించుకునే గుమాస్తాకి కాదు, ఆ ఏర్పాటుకి సరేనని చేతులెత్తిన కజాన్ ప్రతినిధులకి!

నవంబరు 4న రష్యా సమైక్యతా దినం, సెలవు. 6న తాతార్‌స్తాన్ రాజ్యాంగ దినం, అదీ సెలవే. మధ్యలో 5న ఒక్క క్యాజువల్ లీవ్ పెట్టుకుంటే హాయిగా మూడు రోజులు కలిసొస్తాయి.