పెద్దమనుషుల ధర

ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగువాళ్ల సమస్యలు ఇన్నీ అన్నీ కావు. తెలుగు మీడియం బళ్లకు పంతుళ్లు దొరకడం లేదు. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడి, పరీక్షల్లో మూడింటిలోనూ తప్పులు రాస్తున్నారు. వీటి గురించి బాధపడేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు కనుక నేను ఆ జోలికి పోను. ఎవరూ పట్టించుకోని అత్యవసర విషయం ఇంకొకటి ఉంది. సెకండ్ హ్యాండ్ మోటార్ యాట్‌కి, అంటే డబ్బున్నవాళ్లు సముద్రం మీద షికారుకి వాడే ఇంజిన్ల పడవకి, న్యాయమైన ధర ఎంతో తేల్చుకోవడం ఎలా?

నవ్వకండి. మా బరంపురంలో పెద్దమనుషులు కొందరు కమిటీగా ఏర్పడి యాట్ కొనాలని తీర్మానించారు. ముంబయిలో ఎవరో అమ్ముతున్నారట. నలభై ఎనిమిది అడుగుల పొడవు, రెండు డీజిల్ ఇంజిన్లు, మూడు పడకగదులు, తెల్ల లెదర్ సోఫా. వయసు పద్దెనిమిదేళ్లు. అడుగుతున్నది మూడు కోట్లు. కమిటీలో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు, ఒక అప్పడాల వ్యాపారి, ఒక రోడ్ల కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరు బావమరిది ఉన్నారు. బావమరిదికి లారీల షెడ్డు ఉంది. అంచేత సాంకేతిక నిపుణుడి లోటు కూడా లేదు.

సముద్రం మనకి కొత్తేమీ కాదు. ఒకప్పుడు మన తాతలు గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయారు. డెక్కు మీద మూటల మధ్య కూర్చుని పోయారు. టికెట్టెంత అని అడిగారే గాని, ఓడెంత అని ఒక్కరూ అడగలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత మనవల మీద పడింది.

పైగా ధర కట్టడంలో మనల్ని మించినవాళ్లు లేరు. ఎవరింటికి కొత్త ఫ్రిజ్ వచ్చినా ముందు ధర అడుగుతాం. చెప్పగానే “మోసపోయావు” అంటాం. బడాబజారులో వంకాయల దగ్గర మొదలుపెట్టి పట్టుచీర వరకూ, చెప్పిన దాంట్లో సగం నుంచి బేరం ఎత్తుకోవడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కాని ఈ విద్యకి కింద ఒక హద్దు ఉంది. ఎంత దించినా సున్నా దగ్గర ఆగాలి. పాత యాట్ ధర అక్కడ ఆగాలన్న నియమం లేదు. సున్నాకిచ్చినా నష్టపోయే వస్తువుని బేరమాడటం మన పెద్దలు మనకి నేర్పలేదు.

ముందు అడిగే ధర సంగతి చూద్దాం. అమ్మకానికి పెట్టిన యాట్ ధర అమ్మేవాడి కోరిక మాత్రమే. దాన్ని బజారు ధర అనుకుంటే మొదటి అడుగే బురదలో పడ్డట్టు. అదే మోడల్, అదే వయసు పడవలు ఈ మధ్య ఎంతకి అమ్ముడుపోయాయో తెలిస్తే అదీ ధర. ఆ అంకె బ్రోకర్లకి తెలుస్తుంది. బ్రోకరుకి ఇచ్చే కమిషన్, మామూలుగా పది శాతం దాకా, అమ్మిన డబ్బులోంచే వస్తుంది. కనుక న్యాయమైన ధర ఎంతని ఆయన్ని అడిగితే ఎటువైపు న్యాయం వినిపిస్తుందో ఊహించుకోండి. అయినా మన మేనేజరుగారు ఫోన్ చేసి అడిగారు. బ్రోకరు గారు చాలా మర్యాదగా, “మీలాంటి వాళ్లకి మూడు కోట్లు ఒక లెక్కా సార్” అన్నాడు. ఆ మాటకి కమిటీ రెండు రోజులు పొంగిపోయింది.

అమ్మేవాడి దగ్గర బిల్లుల ఫైలు ఒకటి ఉంటుంది. కొత్త కార్పెట్, కొత్త ఏసీ, ఆరేళ్ల కిందట లక్షలు పోసి వేయించిన రాడారు, మ్యాపుల తెర. ఇవన్నీ కలిపి ధర మీద వేస్తాడు. ఈ వ్యాపారం తెలిసినవాళ్లు అలా కలపరు. ఇంజిన్ రిపేరు చేయించి ఉంటే ధర పెరగదు, తగ్గాల్సింది తగ్గకుండా ఆగుతుంది, అంతే. ఎలక్ట్రానిక్స్ అయితే నాలుగైదేళ్లకే పాత టీవీ కింద లెక్క. సోఫాకి విలువే లేదు. కాని మన కమిటీ మొట్టమొదట అడిగింది సోఫా గురించే. లెదర్ అసలుదా, రెక్సినా అని గంటసేపు వాదులాడుకున్నారు. అడుగు చెక్క కుళ్లిందేమో అడగాలని ఎవరికీ తోచలేదు.

అమ్మేవాడి తురుపుముక్క ఇంకోటి ఉంది. 2025 సెప్టెంబరు నుంచి కొత్త యాట్ల మీద జీఎస్టీ 40 శాతం. “పాతది కొంటే ఆ నలభై మీకు మిగిలినట్టే కదా సార్” అన్నాడట. కట్టక్కర్లేని పన్ను మిగిలిందని సంతోషించి, దాన్ని అమ్మేవాడి చేతిలో పెట్టడానికి మన కాంట్రాక్టరుగారు ఒప్పేసుకున్నారు కూడా.

ఇక ఇంజిన్. “ఇంజిన్లు కొత్తవే సార్, పద్దెనిమిదేళ్లలో మూడొందల గంటలే తిరిగాయి” అన్నాడు. మనవాళ్లు చప్పట్లు కొట్టినంత పని చేశారు. మన దగ్గర వాడని వస్తువు అంటే భద్రంగా ఉన్న వస్తువు. పెళ్లికి పెట్టిన స్టీలు సామాను అటక మీద పాతికేళ్లున్నా కొత్తదే. ఉప్పు నీళ్లతో చల్లబడే ఇంజిన్‌కి ఈ సూత్రం వర్తించదు. తిప్పకుండా వదిలేస్తే సీళ్లు ఎండిపోతాయి, నీళ్లు తోడే పంపులో రబ్బరు రెక్కలు బిగుసుకుపోతాయి, పొగ గొట్టం వంపు దగ్గర లోపల్నుంచి తుప్పు తినేస్తుంది, ట్యాంకులో డీజిల్‌కి నీరు చేరి పాకురు పడుతుంది. ఏడాదికి వంద గంటలు తిరిగి, నూనె మార్చిన ప్రతిసారీ పుస్తకంలో రాసిన ఇంజిన్ నయం. పైగా గంటల మీటరుని మార్చడం పెద్ద పనేం కాదు. ఇంజిన్ నూనె శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపితే, ఏ లోహం పొడి ఎంత కలిసిందో చెప్పేస్తారు. ఆ నూనెకి మొహమాటం ఉండదు.

ఇక్కడ ఒక చిన్న పని చెబుతాను. ఎవరైనా నిజంగా కొనబోతే పనికొస్తుంది. చెప్పిన టైముకంటే ఒక గంట ముందు వెళ్లండి. ఎవరితోనూ మాట్లాడకుండా ఇంజిన్ గదిలోకి దిగి ఇంజిన్ మీద చెయ్యి వెయ్యండి. వెచ్చగా తగిలిందా, అమ్మేవాడు మీకంటే ముందే లేచి దాన్ని తిప్పి ఉంచాడన్నమాట. పూట పాలు పిండకుండా సంతకి తోలుకొచ్చిన గేదె లాంటిదే ఇదీ. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే అసలు పొగ కనిపిస్తుంది. నీలంగా వస్తే నూనె కాలుతోంది. నల్లగా వస్తే డీజిల్ సరిగ్గా కాలడం లేదు. తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే లోపలికి నీళ్లు పోతున్నాయేమో చూడాలి. తర్వాత సముద్రం మీదికి తీసుకెళ్లి పూర్తి వేగానికి పెంచమనండి. తయారీదారు చెప్పినన్ని చుట్లు ఇంజిన్ నిమిషానికి తిరగకపోతే, రెండు ఇంజిన్ల వేడిలో తేడా కనిపిస్తే, అక్కడే లక్షల్లో తీసివేత మొదలవుతుంది.

మన బావమరిదికి ఇదంతా చెబితే, “లారీకి చెయ్యనా, దీనికీ అంతే” అన్నాడు. పడవని పరీక్షించి చెప్పే సర్వేయర్ అక్కర్లేదని కూడా ఆయనే తేల్చేశాడు. మూడు కోట్లు పెట్టి కొనేవాళ్లు సర్వేయర్ ఫీజు దగ్గర చేతులు ముడుచుకోవడం మనకే చెల్లింది. సర్వేయర్ చేసే పని పైకి చూస్తే చాలా అల్పంగా ఉంటుంది. పడవని నీళ్లలోంచి పైకెత్తించి, చిన్న సుత్తితో అడుగంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతాడు. గట్టి చోట ఠంగుమంటుంది. ఫైబర్ పొరలు విడిపోయిన చోట, మధ్యలో చెక్క నీరు తాగిన చోట బొదబొదమంటుంది. అడుగున చెమటకాయల్లా బొబ్బలు ఉన్నాయేమో చూస్తాడు. తడి మీటరు పెట్టి చూస్తాడు, అదీ పడవ కొన్నాళ్లు ఎండలో ఆరాక. ఇన్ని చేసి నలభై పేజీల రిపోర్టు ఇస్తాడు. అది చేతికొచ్చాకే అసలు బేరం మొదలవుతుంది. పద్ధతి ప్రకారం ముందు ఒక ధర ఒప్పుకుని, “సర్వేలో, ట్రయల్‌లో సంతృప్తి చెందితేనే” అని కాగితం మీద రాయించుకుని, అడ్వాన్సు ఇస్తారు. తర్వాత రిపోర్టులో ప్రతి పేజీకీ ఒక తీసివేత. మనవాళ్లు దీన్ని తలకిందులు చేశారు. ముందు గంటసేపు బేరమాడి, పదిలక్షలు దింపించి, గెలిచామన్న ఆనందంలో షరతులేవీ లేకుండా మాటిచ్చేశారు.

అసలు లెక్క తర్వాత ఉంది. పడవ విలువలో పదో వంతు ఏటా ఖర్చుకి పక్కన పెట్టుకోవాలని యాట్ల లోకంలో ఒక మోటు లెక్క. కొత్త పడవకి అది చెల్లుతుంది. పాత పడవ దగ్గర కొనేవాడు బోల్తా పడేది ఇక్కడే. రంగు వేసేవాడు పొడవు చూసి డబ్బడుగుతాడు. రేవులో పడవ కట్టేసే చోటుకి, అంటే బెర్తుకి, అద్దె అడుగుల లెక్కన. డీజిల్‌కి పడవ వయసుతో పనిలేదు. ఇంత పడవ కాస్త వేగంగా పోతే గంటకు నూట యాభై లీటర్ల పైనే తాగుతుంది. అంటే కొన్న ధర మూడు కోట్లకి పడిపోయినా, ఖర్చు మాత్రం కొత్తగా ఉన్నప్పటి పది కోట్ల హోదాలోనే నడుస్తుంది. అందుకే ఎవరైనా “ఊరికే ఇస్తాను, తీసుకుపో” అంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మేనేజరుగారు లెక్క మనిషి. ఈ మాట విని, ఏడాదిలో ఎన్ని నెలలు తిప్పగలమో చూద్దామని క్యాలెండరు తెచ్చారు. జూన్ నుంచి సెప్టెంబరు వానలు, అలల పోటు, కొట్టేశారు. అక్టోబరు తుఫాన్ల నెల. 2013లో ఫైలిన్ 12వ తేదీన గోపాలపురం దగ్గరే ఒడ్డెక్కింది. 2018లో తిత్లీ 11వ తేదీన పలాస వైపు ఎక్కి గజపతి జిల్లాని చిందరవందర చేసింది. అదీ కొట్టేశారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య నది ముఖం దగ్గర ఇరవై కిలోమీటర్ల మేర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం చేపల వేట బంద్. నిషేధం వేటకే గాని షికారుకి కాదు కదా అని కాంట్రాక్టరుగారు పాయింటు లేవదీశారు. చట్టం ప్రకారం నిజమే కావచ్చు. తాబేలుకి మాత్రం ప్రొపెల్లరు ప్రొపెల్లరే. మేనేజరుగారు కాసేపు ఆలోచించి, ఆ ఏడు నెలల మీద పెన్సిలుతో గీత పెట్టారు, పెన్నుతో కాదు.

సముద్రం కాకపోతే చిలకా ఉందిగా అన్నారు. ఉంది. వానాకాలంలో 1100 చదరపు కిలోమీటర్లు దాటే సరస్సు. వేసవిలో చాలా చోట్ల మీటరు లోతు కూడా ఉండదు. మన యాట్ అడుగు నీళ్లలో మీటరు పైనే దిగుతుంది. సరస్సు ఒడ్డున రంభ ఊరి దగ్గర అడుగు చదునైన నాటు పడవలు మోటారు పెట్టుకుని హాయిగా పోతుంటే, మన మూడు కోట్లు మధ్యలో బురద మీద కూర్చుని ఉంటుంది. ఫొటోలకి బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. గోపాలపురం పోర్టులో కట్టేద్దామంటే అక్కడ చోటు ఖనిజాలు ఎత్తుకెళ్లే ఓడలకి. సోఫా ఉన్న పడవకి బెర్తు ఇవ్వమని ఏ ఫారంలో అడగాలో కమిటీ ఇంకా వెతుకుతోంది.

చివరికి ఎవరి సలహా మీదనో అందరూ ఫోన్లు పట్టుకుని గోపాలపురం ఒడ్డుకి వెళ్లారు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి యాట్ ఫొటోలు చూపించారు. ఆయన సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోట్లు కొని, అమ్మి, మునిగి, తేలినవాడు. సోఫా ఫొటో వచ్చినప్పుడు వేలితో పక్కకి తోసేశాడు. పడకగదుల్నీ తోసేశాడు. పడవ వెనక భాగం ఫొటో దగ్గర ఆగి, రెండు వేళ్లతో పెద్దది చేసి, ఫోన్‌ని ఎండకి అడ్డంగా తిప్పుకుని చూశాడు.

“ఎడం పక్క మసి ఎక్కువుంది సూడండి బాబూ. కుడి పక్క లేదు. ఆ ఇంజిను బాగోలేదు.”

కమిటీ అంతా తొంగి చూసింది. ఉంది. తెల్లటి పెయింటు మీద పొగ గొట్టం పైన, అరచెయ్యంత నల్ల మరక. అన్నాళ్లూ అందరి ఫోన్లలోనూ ఉంది.

“బరువెంత బాబూ?”

“ఇరవై టన్నులు.”

“తుఫానొస్తే ఒడ్డుకెంతమంది లాగుతారు?”

ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రే అత్యవసర సమావేశం పెట్టి తీసివేతల జాబితాలో రెండు పద్దులు చేర్చారు. ఒకటి ఎడం ఇంజిన్. రెండోది తుఫానుకి ఒడ్డుకి లాగేందుకు రెండొందల మంది కూలీలు, రెండు పూటలా భోజనం. తాడు తన షెడ్డు నుంచి ఉచితంగా ఇస్తానని బావమరిది ముందుకొచ్చాడు. భోజనంలోకి అప్పడాలు ఉండాల్సిందేనని మేనేజరుగారు పట్టుబట్టారు. మనిషికి రెండేసి. వ్యాపారి వెంటనే హోల్‌సేల్ ధర చెప్పాడు. కాంట్రాక్టరుగారు కుర్చీ ముందుకి జరుపుకుని, అందులో సగం నుంచి మొదలుపెట్టారు.