నూట ఎనభై రూపాయలూ, కైలాసగిరి మెట్లూ

మా అపార్టుమెంటుకి నేను ట్రెజరర్‌ని. ఎవరో ఓట్లేసి గెలిపించారనుకునేరు, పోయినేడాది సెల్లార్‌లో పెట్టిన మీటింగుకి నేనొక్కణ్ణే వెళ్ళలేదు, అదే నా అర్హత. రానివాడి నెత్తిన లెక్కల పుస్తకం పెట్టేసి, టీలు తాగేసి ఎవరి ఫ్లాటుకి వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పట్నుంచి వాటర్ ట్యాంకర్లు, లిఫ్టు రిపేరు, వాచ్‌మన్ జీతం, జనరేటర్ డీజిలు, వినాయకచవితి చందా, అన్నీ నా మీదే.

ఆ ఆదివారం సాయంత్రం ఏడింటికి ఏడాది లెక్కలు చదివి వినిపించాలి. అదే ఆదివారానికి శ్రీకాకుళం నుంచి మా అక్కా, బావా, ఫిజియోథెరపీ చదువుతున్న మేనకోడలూ దిగారు. మధ్యాహ్నం వంజరం పులుసు కలుపుకుంటూ నేను నోరు జారాను. నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర్నుంచి నడుస్తున్నానని, చేతికి కొత్త వాచీ కొన్నానని, అది గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో కూడా చెబుతుందని, ఇప్పుడు కైలాసగిరి మెట్లన్నీ ఎక్కడా ఆగకుండా ఎక్కేయగలనని.

“ఏటోయ్ బామ్మర్దీ, అలాగైతే నేనూ వస్తాను పద” అన్నాడు బావ.

బావ సంగతి మీకు తెలీదు కదా. వీధి చివర కిళ్ళీకొట్టుకి కూడా స్కూటర్ మీదే వెళ్తాడు, అక్కడికెళ్ళాక స్టాండు వేయడానికి బద్ధకమై కొట్టువాణ్ణే బయటికి పిలుస్తాడు. అలాంటి మనిషితో పందెమంటే నాకు నవ్వాగలేదు. పైకి ముందు చేరినవాళ్ళకి రెండోవాళ్ళు మిరపకాయ బజ్జీలు, మురీ మిక్చరు తినిపించాలి, ఎంత తింటే అంత. నాలుగున్నరకి మెట్ల దగ్గర ఉండాలి. గెలిచేసినట్టే కదా అని ఇంకో చేపముక్క వేయించుకున్నాను.

అప్పటికి టైము రెండున్నర. బయల్దేరడానికి ఇంకా గంటన్నర ఉంది, ఈలోపు లెక్కలు ఒకసారి కూడేద్దాం అని లోపలి గదిలో కూర్చున్నాను చూశారూ, అక్కడ మొదలైంది.

నూట ఎనభై రూపాయలు తేడా. తక్కువైతే బాధ లేదు, గుట్టుచప్పుడు కాకుండా జేబులోంచి వేసేసి ఊరుకోవచ్చు, ట్రెజరర్లందరూ చేసే పనే. నాకు ఎక్కువొచ్చింది! ఎక్కువొచ్చిన డబ్బుతో ఏం చేస్తాం చెప్పండి? తీసుకుంటే దొంగతనం, ఉంచితే లెక్క తప్పు, మీటింగులో చెబితే ఐదో అంతస్తు పెద్దమనిషి లేచి “అంటే మా దగ్గర ఎక్కువ వసూలు చేశారన్నమాట” అంటాడు. మళ్ళీ కూడాను. మా క్యాలిక్యులేటర్‌లో ఏడు అంకె ఒకసారి నొక్కితే ఒక్కోసారి రెండు ఏడులు పడతాయి, అందుకని ఏడొచ్చినప్పుడల్లా పైకి చూసి సరిచూసుకోవాలి. తీగకి గుచ్చిన రసీదులన్నీ ఊడదీసి మంచం మీద నెలల వారీగా పరిచాను, ఫ్యాను గాలికి మార్చి నెల వెళ్ళి ఆగస్టులో కలిసింది. ఒక ట్యాంకర్ బిల్లు మీద పెన్సిల్‌తో రాసింది సున్నాయో ఆరో తేల్చుకోడానికి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి, పావుగంట. నాలుగుసార్లు కూడితే మూడు రకాల మొత్తాలొచ్చాయి, అందులో రెండుసార్లు మాత్రం అదే నూట ఎనభై.

హాల్లో బావ టీపాయ్ మీద కాళ్ళు బారజాపుకుని టీవీలో ఏదో రైళ్ళ కార్యక్రమం చూస్తున్నాడు. మంచు కొండలు, వంతెనలు, సొరంగాలు, నెమ్మదిగా చదివే గొంతు. మధ్యమధ్యలో “ఒరే, ఆ ఇంజను సూడరా ఎలాగెల్లిపోతందో” అని నన్ను కేకేయడం, నేను కూడుతున్న వరస తప్పిపోవడం. గంటన్నరలో ఆయన చేసిన శ్రమల్లా రిమోట్ వెతుక్కోవడమే.

నాలుగైంది. నూట ఎనభై అలాగే ఉంది. అలాగే బయల్దేరాం.

అప్పుఘర్ వైపు మెట్ల దగ్గర బావ హవాయి చెప్పులతో, లుంగీ మాత్రం మార్చి ప్యాంటుతో నిలబడ్డాడు. నేను నాలుగు వేల రూపాయల బూట్లతో ఉన్నాను. మొదటి మెట్లు హుషారుగానే ఎక్కాను. ఓ అరవై మెట్లయ్యాక ఏదో తేడా తెలిసింది. కాళ్ళు నొప్పి లేవు, ఆయాసమూ కొత్తగా ఏం లేదు, కానీ ఒక్కో మెట్టూ ఒక్కో ట్యాంకర్ బిల్లులా కనబడుతోంది. ఇది ఎక్కితే ఇంకోటి, అది ఎక్కితే మరోటి, అసలెందుకు? రోజూ బీచ్‌లో నాలో నడిచే మనిషి ఇవాళ ఇంట్లోనే పడుకుండిపోయినట్టుంది. ముందు బావ చేతులు వెనక్కి కట్టుకుని, గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు, ఏదో కూనిరాగం తీసుకుంటూ వెళ్ళిపోతున్నాడు. వంపు తిరిగాక ఆయన వీపు కూడా కనబడలేదు, రాగం ఒక్కటే వినిపించింది.

కూర్చుండిపోయాను. మనవణ్ణి వేలు పట్టుకుని ఎక్కుతున్న ఒక మామ్మగారు నన్ను చూసి ఆగి, “మంచినీళ్ళు కావాలా నాయనా?” అంటే సముద్రం చూస్తున్నానండీ అన్నాను. నేను కూర్చున్న చోట చెట్లు తప్ప ఏమీ కనబడవు.

కాసేపటికి మేనకోడలు సీసా పట్టుకుని కిందికి దిగొచ్చింది. “గ్లూకోజు నీళ్ళు మావయ్యా. మింగక్కర్లేదు, పది సెకన్లు పుక్కిలించి ఉమ్మెయ్, చాలు.” ఇదేం వైద్యమే అన్నాను. నిజంగానే 2004లో వచ్చిన ప్రయోగమట, సైకిల్ తొక్కేవాళ్ళ చేత పిండిపదార్థం కలిపిన నీళ్ళు పుక్కిలించి ఉమ్మిస్తే, కడుపులోకి చుక్క పోకపోయినా గంటసేపటి పందెంలో దాదాపు మూడు శాతం వేగంగా తొక్కారట. నోట్లో తగలగానే మెదడుకి కబురెళ్తుందట, సరుకొస్తోంది, కంగారు పడకు అని. సరే అని గుక్క నింపి, బుగ్గలు రెండూ ఊపి, మెట్టు పక్కన ఉమ్మాను.

“ఏటి బావూ!” అని వెనక నుంచి గావుకేక. చీపురు పట్టుకున్న ఆవిడ. “సదూకున్నోడివి గావా? ఇప్పుడే గదా తుడిసినాను!” సైన్సు అని చెప్పబోయాను గానీ నోటి నుంచి కారుతున్న గ్లూకోజుతో ఎవడు చెప్పినా ఎవరు వింటారు. మేనకోడలైతే నేనెవరో తెలియనట్టు చెట్టు మీది పిట్ట వైపు చూస్తోంది. సారీ అమ్మా అని చెప్పి, సీసాలో నీళ్ళే పోసి కడిగి, మిగిలింది మొత్తం బుద్ధిగా మింగేశాను.

పైకి చేరేసరికి బావ రెండో ప్లేటు బజ్జీల్లో ఉన్నాడు. నేను డబ్బులిచ్చి శివపార్వతుల విగ్రహాలు కనబడేట్టు కూలబడ్డాను. మోకాళ్ళ వల్లే అన్నాను. మేనకోడలు నా చెయ్యి లాక్కుని వాచీ చూసింది. “గుండె నీకు రోజూ నడిచేటప్పుడు ఎంత కొట్టుకుంటుందో అంతే కొట్టుకుంది మావయ్యా. మోకాళ్ళ మాట అబద్ధం. ఎంత కష్టమనిపించిందో 6 నుంచి 20 దాకా ఒక అంకె చెప్పు.”

ఆరు నుంచా? ఏ లెక్కయినా ఒకటి నుంచో సున్నా నుంచో మొదలవ్వాలి గానీ ఇదేం పద్ధతి! స్వీడన్‌లో గున్నార్ బోర్గ్ అనే ఆయన పెట్టిన కొలతట. ఊరికే కూర్చుంటే గుండె నిమిషానికి అరవైసార్లు, ప్రాణం మీదికొచ్చేంత శ్రమ పడితే రెండు వందలసార్లు, అందుకని ఆ అంకెకి పక్కన సున్నా పెడితే ఇంచుమించు గుండె లెక్కొచ్చేలా పెట్టాడట. పెద్దాయన ట్రెజరర్ అయ్యుండాల్సింది. నేను ఇరవై ఒకటి అన్నాను.

“ఇంతకీ మధ్యాహ్నం ఏం చేశావ్?” అంది.

చెప్పాను. నూట ఎనభై, పెన్సిలు సున్నా, ఆగస్టులో కలిసిన మార్చి, అంతా. వింటున్న కొద్దీ ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది, నా బాధకి కాదు, వాళ్ళ పాఠానికి ఉదాహరణ దొరికినందుకు.

బ్రిటన్‌లో వేల్స్ వైపు బ్యాంగర్ యూనివర్సిటీలో మార్కోరా అనే ఆయన బృందం 2009లో అచ్చేసిన ప్రయోగం ఒకటుందట. పదహారు మంది. ఒకరోజు సరిగ్గా గంటన్నరసేపు కంప్యూటర్ తెర మీద వచ్చే అక్షరాలు చూసి, కళ్ళార్పకుండా బటన్లు నొక్కుతూ ఉండాలి, పొరపాటు చేయకూడదు. ఇంకోరోజు అదే గంటన్నర ఊరికే కూర్చుని డాక్యుమెంటరీలు చూడాలి. రెండు రోజులూ ఆ తర్వాత సైకిలెక్కి ఇక తొక్కలేం అనేదాకా తొక్కాలి. డాక్యుమెంటరీలు చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కారు, బుర్ర వాడిన రోజు 640.

“114 సెకన్లు, పదిహేను శాతం” అన్నాను వెంటనే. వృత్తిధర్మం.

“అదిగో, ఆ కూడికలే కొంప ముంచాయి. గుండె, రక్తం, కండలు, ఏవి కొలిచినా రెండు రోజులకీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఎంత కష్టంగా అనిపించిందన్న దాంట్లోనే. బుర్ర అలిసిపోయాక అదే మెట్టు ఎత్తుగా అనిపిస్తుంది, తొందరగా వదిలేస్తాం.”

అంటే కండలన్నీ డ్యూటీలోనే ఉన్నాయి, లోపల సంతకం పెట్టాల్సిన గుమాస్తా మాత్రం ఇక నావల్ల కాదని పెన్ను పడేశాడు. ఇది నాకు బాగా అర్థమైంది, మా ఆఫీసులో రోజూ జరిగేదే.

“ఇంతకీ ఆ డాక్యుమెంటరీలు దేని గురించో తెలుసా మావయ్యా?” అంది బజ్జీ తుంచుతూ. “ఒకటి ఫెరారీ కార్ల గురించి. ఇంకోటి రైళ్ళ గురించి.”

బావ నమలడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపులో ఉన్న వినయం నేను ఈ జన్మలో మర్చిపోలేను.

ఇదేమీ కొత్త కాదట. ఇటలీలో ట్యూరిన్ ప్రొఫెసరు ఏంజెలో మొస్సో, వేలికి బరువు కట్టి మళ్ళీ మళ్ళీ ఎత్తించే ఒక యంత్రం చేయించి, పిల్లలకి మౌఖిక పరీక్షలు పెట్టి వచ్చిన తోటి ప్రొఫెసర్ల వేళ్ళు పరీక్షించాడట. పాఠాలూ పరీక్షలూ అయ్యాక అదే వేలు తొందరగా చతికిలబడిందని 1891లో పుస్తకంలో రాశాడు. పాపం, ఆ ప్రొఫెసర్లకి అపార్టుమెంటు లెక్కలు కూడా ఇచ్చి ఉంటే వేలు అసలు లేచేదా?

నాకో ఆశ పుట్టింది. మెదడు ఒంట్లో రెండు శాతం బరువే అయినా ఇరవై శాతం శక్తి తినేస్తుందని ఎక్కడో చదివాను. అంత ఆలోచించాను కాబట్టి బోలెడు కేలరీలు కరిగి ఉంటాయి, రెండు బజ్జీలు తినొచ్చా? తినకూడదట. ఆ ఇరవై శాతం ఊరికే గోడ చూస్తూ కూర్చున్నా పోతుందట, గట్టిగా ఆలోచిస్తే పైన ఖర్చయ్యేది చాలా కొంచెమేనట. గంటన్నర బుర్ర బద్దలుకొట్టుకుంటే ఒక్క బజ్జీ కూడా గిట్టలేదన్నమాట.

“అయితే ఇవాళ మావయ్య చేత ఏ పనీ చేయించకూడదా?” అంది మా అక్క, ఎప్పుడూ లేనంత జాలిగా. ఆ పిల్ల నిజం చెప్పకుండా ఉండొచ్చు కదా. “చాలాసేపు చేసే పనులకేనమ్మా ఇది. ఒక్కసారి బలంగా ఎత్తడాలూ దూకడాలూ అయితే బుర్ర అలిసినా పెద్ద తేడా రాదు.”

“హమ్మయ్య, అయితే గ్యాస్ బండ లోపల పెట్టడానికి వీడున్నాడు” అంది అక్క.

మురీ మిక్చర్ పొట్లాలయ్యాక బావకి కొండ చుట్టూ తిరిగే బుల్లి రైలెక్కాలని బుద్ధి పుట్టింది. పొద్దున్నుంచీ రైళ్ళే కలిసొచ్చాయి ఆయనకి, మరి వదులుతాడా. టిక్కెట్లు నేనే కొన్నాను. కిటికీ పక్క సీటు ఆయనదే. రైలు తాపీగా కదిలింది. ఒక వైపు బీచ్ రోడ్డు వంపు, ఇంకోవైపు రుషికొండ దాకా నీలం, మొహానికి ఉప్పుగాలి. మూడు గంటల్లో మొదటిసారి నేను ఏమీ ఆలోచించలేదు. అలా ఓ రెండు నిమిషాలు ఏమీ ఆలోచించకుండా కూర్చున్నాక దానంతటదే వచ్చి కూర్చుంది.

“తొమ్మిది!” అని అరిచాను. ముందు సీట్లో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

నూట ఎనభైని తొమ్మిది భాగిస్తుంది. తేడా తొమ్మిదితో పోతే అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూసుకోవాలి, ఇది లెక్కలు రాసే ప్రతివాడికీ మొదటి నెలలోనే నేర్పే కిటుకు, ఇరవై ఏళ్ళుగా నేనే కుర్రాళ్ళకి చెబుతున్నాను. ఫోన్‌లో తీసుకున్న పేజీల ఫొటోలు తెరిచాను. జనవరి, మూడో వరస. వచ్చింది పదిహేను వందల ముప్పై, పుస్తకంలో రాసింది పదమూడు వందల యాభై. ఐదూ మూడూ చోట్లు మార్చుకున్నాయి.

ఫ్లాట్ నంబరు 302. అంటే మాదే. పదిహేను వందలు మెయింటెనెన్సు, ముప్పై లేటు ఫీజు. కట్టిందీ నేనే, తీసుకుందీ నేనే, తప్పు రాసిందీ నేనే, రసీదు మీద సంతకమూ నాదే. ఇప్పుడు ఏడింటికి, ట్రెజరరే మెయింటెనెన్సు లేటుగా కట్టాడని ఐదో అంతస్తు పెద్దమనిషి ముందు నిలబడి నేనే చదవాలి.

“బావా, దొరికింది” అన్నాను నీరసంగా.

బావ కిటికీలోంచి తల తిప్పలేదు. “ఈ ఇంజను డీజిల్‌దంటావా?” అన్నాడు.