హజ్బెండూ, రెండు బోండాలూ

రిటైరయ్యాక నాకు ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాల పిచ్చి పట్టింది. నిన్న సాయంత్రం వాన. మా ఆవిడ వంటింట్లో పిండి కలుపుతోంది.

"ఏమోయ్, హజ్బెండ్ అన్న మాట అసలు ఇంగ్లీషుదే కాదు తెలుసా? ఇంగ్లండు మీద పడ్డ వైకింగులనే ఓడదొంగలతో వచ్చిన మాట, వాళ్ళ నార్స్ భాషది. హూస్ అంటే ఇల్లు, బోండీ అంటే..."

"బోండాలు కావాలంటే సూటిగా అడగండి. ఇంగ్లండు దాకా తిప్పక్కర్లేదు."

"బోండా కాదే, బోండీ! సొంత ఇల్లూ పొలమూ ఉన్న రైతు. అంటే ఇంటి యజమాని. పశువుల పెంపకాన్ని యానిమల్ హజ్బెండ్రీ అనేది అందుకే."

"ఇల్లు నా పేరున ఉంది. పొలం మీ తమ్ముడు దున్నుకుంటున్నాడు. పశువులంటారా, కుక్కపిల్లని తెస్తానంటేనే తుమ్ములొస్తాయన్నారు. మరి మీరు దేనికి హజ్బెండు? సర్లెండి, వైఫ్ అంటే ఏంటి?"

ఇక్కడ కాస్త నసిగాను. "పాత ఇంగ్లీషులో అయితే ఊరికే ఆడమనిషి. పెళ్ళితో పని లేదు. మంత్రసానిని మిడ్‌వైఫ్ అంటారు చూడు, ఆ మిడ్ అంటే అప్పట్లో తోడు అని, కాన్పయ్యే ఆడమనిషికి తోడుండేదన్నమాట."

"బావుంది. మీకేమో ఇల్లూ పొలమూ, మాకు ఊరికే ఆడమనిషి!"

"పోనీ వెడ్డింగ్ విను. వెడ్ అంటే మాటిచ్చి పూచీగా పెట్టేది. తాకట్టు లాంటిది."

"అది మాత్రం అక్షరాలా పాటించారు. నా చంద్రహారం బ్యాంకుకెళ్ళి ఎన్నేళ్ళయింది?"

మాట మార్చక తప్పలేదు. "హనీమూన్ అని 16వ శతాబ్దం నుంచీ ఉంది. కొత్త మోజు తేనెలా తియ్యగా ఉన్నా, పున్నమి దాటిన చంద్రుడిలా తరిగిపోతుందని వెక్కిరింత."

"తరగడానికి ఉంటే కదా! అన్నవరం వెళ్ళాం, అదీ అత్తయ్యగారితో, ఇద్దరు ఆడపడుచులతో. అందరికీ ఒకటే గది."

"వ్రతం బాగా జరిగింది కదే."

"జరిగింది. ప్రసాదం మీరే తినేశారు."

ఇంక ఊరుకోవాల్సింది. నోరూరుకోదుగా. "బ్రైడ్‌గ్రూమ్ కూడా తమాషా మాటే. మొదట్లో గ్రూమ్ కాదు, గుమ. అంటే మగాడు. ఆ మాట వాడుకలోంచి పోయాక, అర్థం తెలియక జనం దగ్గరగా వినిపించే గ్రూమ్‌ని తగిలించారు. గ్రూమ్ అంటే కుర్రాడు, పనివాడు..."

పిండి కలిపే చెయ్యి ఆగింది.

"పనివాడా! ఇంతసేపూ ఆ ముక్క దాచిపెట్టారేం? రండి, ఉల్లిపాయలు తరగండి."

కళ్ళనీళ్ళతో అరకిలో తరిగాను. నా ప్లేటులోకి వచ్చినవి రెండే బోండాలు.