ఆసుపత్రి పైకప్పు ఎవరి బాధ్యత?

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రంలో టుగెలా ఫెర్రీ అనే ఊరుంది. అక్కడి పెద్దాసుపత్రిని ఇప్పటికీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ ఆసుపత్రి అనే పిలుస్తారు. మిషనరీలు కట్టిన ఆసుపత్రి అది, తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. 2005, 2006 సంవత్సరాల్లో అక్కడ 53 మందిలో దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ బయటపడింది. 52 మంది చనిపోయారు. కఫం పరీక్షకు ఇచ్చిన రోజు నుంచి లెక్కేస్తే, చనిపోయినవారిలో సగం మందికి మిగిలింది దాదాపు 16 రోజులే. వారిలో సగానికి పైగా అంతకుముందు ఎన్నడూ క్షయ మందులు వాడి ఎరగరు. అయితే మూడింట రెండొంతుల మంది అంతకు కొద్దికాలం ముందే ఏదో ఒక జబ్బుతో ఆసుపత్రిలో చేరి వెళ్లినవారు. హెచ్ఐవీతో నీరసించిన ఒంటికి పక్క మంచం మీది దగ్గే ప్రాణాంతకమైంది.

ఆఫ్రికా పల్లె ఆసుపత్రుల భవనాలు బాగుచేయడానికి వెళ్లే చర్చి బృందాల మాట వచ్చినప్పుడల్లా నాకు ముందుగా ఆ వార్డు గుర్తొస్తుంది. అమెరికా, ఐరోపాల నుంచి సొంత ఖర్చుతో వచ్చి, రెండు మూడు వారాలు రేకులు మార్చి, గోడలకు రంగులు వేసి, పైపులు బిగించి వెళ్లేవారిని చాలామంది తేలిక చేసి మాట్లాడతారు. నేను వారితో ఏకీభవించను. వానాకాలంలో కారని ప్రసూతి వార్డు దొరకడం చిన్న మేలేమీ కాదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది.

పాత రేకుల కప్పును నిచ్చెన ఎక్కి దగ్గర నుంచి చూడండి. చిల్లు సాధారణంగా రేకు మధ్యలో పడదు, మేకు చుట్టూ పడుతుంది. మేకు తల కింది రబ్బరు వాషరు ఎండకు బీటలు వారుతుంది. ఆ బీటలో నీరు నిలిచి తుప్పు మొదలవుతుంది. మొదటి ఏడు ఒక చుక్క కారుతుంది. నాలుగైదేళ్లకు కింది దూలం మెత్తబడి, చెద ఎక్కి, మొత్తం కప్పే మార్చవలసి వస్తుంది. వాషరుకయ్యే ఖర్చు అత్యల్పం. కానీ దాన్ని సమయానికి మార్చే మనిషి ఏడాది పొడవునా ఆ ఆవరణలోనే ఉండాలి, అతనికి నెలనెలా జీతం అందాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మలావీ, జాంబియాలలో చర్చి ఆసుపత్రుల డాక్టర్లకు, నర్సులకు చాలావరకు ప్రభుత్వమే జీతాలిస్తుంది. కొత్త భవనం కట్టాలంటే దాత దొరుకుతాడు, గోడ మీద ఆయన పేరుతో శిలాఫలకం వెలుస్తుంది. ఈ రెండింటి మధ్యా నిర్వహణ అనాథగా మిగిలిపోతుంది. దాతల ఆదరణ అంతా కట్టడానికే, కాపాడటానికి కాదు. పదేళ్ల నిర్లక్ష్యాన్ని ఓ బృందం మూడు వారాల్లో సరిచేసి వెళితే, మరో పదేళ్ల నిర్లక్ష్యానికి ధైర్యం వస్తుందేమోనన్నది నా భయం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏది బాగుచేయాలో బయటివారి కన్ను నిర్ణయిస్తే, పాతదంతా చెడ్డదిగానే కనిపిస్తుంది. పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రుల్లో గాలి మార్పిడిని కొలిచి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. తలుపులు, కిటికీలు బార్లా తెరిస్తే గదిలో గాలి గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి పంపే గదుల్లో 12 సార్లే. 1950కి ముందు కట్టిన, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న వార్డుల్లో 40 దాకా వెళ్లింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో వెలిసేనాటికి క్షయకు మందు లేదు. గాలీ వెలుతురే దిక్కు. ఆఫ్రికా పాత మిషన్ వార్డుల్లోనూ ఆ తరం కట్టడాలు ఉన్నాయి. అందంగా ఉంటుందని అక్కడ ఫాల్స్ సీలింగ్ దించినా, పగిలిన అద్దానికి బదులు ప్లైవుడ్ చెక్క కొట్టినా, ఆ మరమ్మతు రోగి ఊపిరికే అడ్డుపడుతుంది.

బయటివారి సాయం ఎలా ఉండాలో చెప్పడానికి మంచి దారి ఒకటి కనిపిస్తోంది. పేద దేశాల ఆసుపత్రుల్లో స్వచ్ఛంద సేవకులకు అందిన 2,849 పరికరాల మరమ్మతు వినతులను అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ ఇంజనీరు రాబర్ట్ మాల్కిన్, సహచరుడితో కలిసి విశ్లేషించారు. మూలబడినవాటిలో 66 శాతాన్ని కేవలం 107 ప్రాథమిక నైపుణ్యాలతో మళ్లీ పనిచేయించవచ్చని 2010లో తేల్చారు. అవన్నీ అక్కడి టెక్నీషియన్‌కు నేర్పగలిగినవే. సేవకుల పని చిట్టాయే పాఠ్యప్రణాళిక కావడం నాకు ఎంతో నచ్చిన విషయం. రువాండాలో 2011లో తెరిచిన బుటారో ఆసుపత్రిదీ ఇదే దారి. అక్కడి అగ్నిపర్వత శిలలతోనే గోడలు కట్టారు. రాయి చెక్కింది ఆ చుట్టుపక్కల మేస్త్రీలే. రేపు గోడ పగిలితే బాగుచేసే చేతులు ఆ ఊళ్లోనే ఉన్నాయి.

అందుకే వెళ్లే బృందాలను నేను కోరేది ఇది. విమానం టికెట్లు కొనకముందే ఆసుపత్రి మరమ్మతుల మేస్త్రీకి ఫోను చేయండి. ఏ పని ముందు చేయాలో ఆయన్నే చెప్పమనండి. అక్కడి బజారులో దొరికే కొలతల రేకులు, మేకులే వాడండి. పదిమంది వెళ్లే చోట ఆరుగురు వెళ్లి, మిగిలిన నాలుగు టికెట్ల డబ్బు ఆయన జీతానికీ, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడి జీతానికీ జమ చేయండి. తిరిగి వచ్చేటప్పుడు స్టోరు గదిలో వాషర్ల డబ్బా నిండుగా ఉందో లేదో చూసి రండి.