బ్రిక్ లేన్ మసీదును ఎవరి దగ్గర లాక్కున్నారట?

"లండన్‌లో ఇంగ్లండ్ వాళ్లు 1743లో కట్టుకున్న చర్చిని ముస్లింలు ఆక్రమించారు, క్రైస్తవులను వెళ్లగొట్టి మసీదు చేశారు, పాత గుర్తులన్నీ చెరిపేశారు." బ్రిక్ లేన్ జామే మసీదు గురించి వాట్సాప్‌లో తిరిగే మాట ఇది. ఇందులో సంవత్సరం మటుకు కరెక్టు.

వెళ్లగొట్టడం సంగతి ముందు చూద్దాం. అక్కడ మసీదు తెరిచింది 1976లో. అప్పటికి క్రైస్తవులు ఆ భవనం వదిలేసి దాదాపు 80 ఏళ్లు. 1890ల చివర్లో దాన్ని తీసుకుని సినగాగ్‌గా, అంటే యూదుల ప్రార్థనా మందిరంగా, మార్చుకున్నది తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. ఫార్వర్డ్ రాసినవాళ్లకు ఈ ముక్క అడ్డు కాబట్టి మొత్తానికే ఎగరగొట్టారు. యూదు కుటుంబాలు కాస్త నిలదొక్కుకుని ఉత్తర లండన్ వైపు ఇళ్లు మారాయి, ప్రార్థనకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఖాళీ అయిన భవనాన్ని ఆ పేటలో స్థిరపడిన బంగ్లాదేశీయులు కొన్నారు. వీళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు. డబ్బిచ్చి కొన్నదాన్ని ఆక్రమణ అంటే ఎలా?

ఇక ఇంగ్లండ్ వాళ్లు కట్టుకున్నారన్న మాట. కట్టింది హ్యూగెనాట్లు, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1685లో, ప్రొటెస్టెంట్లకు మత స్వేచ్ఛనిచ్చిన నాంత్ శాసనాన్ని రద్దు చేశాక ప్రాణాలు దక్కించుకుని లండన్ చేరినవాళ్లు, వాళ్ల సంతతి. బ్రిక్ లేన్ ఉన్న స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో పట్టు నేతకు పేరు తెచ్చింది వీళ్లే. ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌తో సంబంధం లేని మందిరం ఇది. 1819 నుంచి వాడుకున్న మెథడిస్టులూ (ఇంకో ప్రొటెస్టెంట్ శాఖ) ఆ అధికారిక చర్చి నుంచి విడిపోయినవాళ్లే. ఈ ఇద్దరికీ మధ్య, 1809లో, యూదులను క్రైస్తవంలోకి మార్చడానికి పెట్టిన ఒక సొసైటీ అందులో చేరింది. దాని పని పెద్దగా సాగలేదు. తర్వాత యూదులు అదే భవనంలోకి వచ్చారు, తమ మతంతోనే!

ఇంగ్లండ్ అధికారిక చర్చి కావాలంటే, మసీదు ఒక చివర ఉన్న ఫోర్నియర్ వీధికే రెండో చివర ఉంది. 1729లో పూర్తయిన క్రైస్ట్ చర్చ్. దాన్నెవరూ ముట్టుకోలేదు, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి.

పాత గుర్తుల విషయమా? మసీదు గోడ మీద పైన నీడగడియారం ఉంది, దాని మీద లాటిన్ వాక్యం, 1743 అన్న అంకెలు. లోపల మార్పులు జరిగిన మాట నిజమే, మెథడిస్టులూ యూదులూ కూడా తమకు కావలసినట్టు మార్చుకున్నారు. భవనం గ్రేడ్ టూ స్టార్ అనే ప్రభుత్వ జాబితా తరగతిలోని రక్షిత కట్టడం, అనుమతి లేకుండా దాని రూపు మార్చడం నేరం. పక్కన మీనారులా కనిపించే సుమారు 90 అడుగుల స్టీలు స్తంభం 2009లో వచ్చింది, అదీ పాత గోడల్ని కూల్చి పెట్టింది కాదు.