టీవీలో చూసి కుక్కపిల్లని వెల్లకిలా పడేయకండి

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్ద జాతి కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకి వారం తిరక్కుండా ఎవరో ఒకరు పంపే మెసేజ్ ఒకటుంది. దాని సారాంశం ఇది: కుక్క అంటే ఇంట్లో ఉండే తోడేలు. లీడర్ ఎవరో మొదటి రోజే తేల్చకపోతే అదే లీడర్ అయిపోతుంది. కరిస్తే వెల్లకిలా పడేసి, లొంగేదాకా అదిమి పట్టాలి. తింటుంటే మధ్యలో గిన్నె లాక్కోవాలి. గుర్రుమంటే అక్కడికక్కడే అణచాలి. బిస్కెట్లు ఇచ్చి నేర్పడం లంచం, పెద్ద కుక్కల దగ్గర అది పనిచేయదు. చివర్లో రుజువుగా ఒక టీవీ క్లిప్ ఉంటుంది. ట్రైనర్ వస్తాడు, రెండు నిమిషాల్లో కుక్క దారికొస్తుంది.

పంపేవాళ్ళు మన మంచి కోరే పంపుతారు. ఏడాది తిరిగేసరికి 40 కిలోలయ్యే కుక్క, చిన్నపిల్లలున్న ఇంట్లో తిరుగుతుంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ మెసేజ్‌లోని సలహాలు పాటిస్తే, మనం దేనికి భయపడుతున్నామో అదే తయారవుతుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తున్నాను.

ముందు తోడేలు సంగతి. ఈ లీడర్ సిద్ధాంతం మూలాలు 1947లో ఉన్నాయి. రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్ళని గమనించి, పైచేయి కోసం అవి ఎలా పోటీ పడతాయో రాశారు. 1970లో డేవిడ్ మెక్ అనే అమెరికా శాస్త్రవేత్త తోడేళ్ళ మీద రాసిన పుస్తకంతో ఆ ఆలోచన జనంలోకి బాగా వెళ్ళింది. తర్వాత ఆ మెక్ గారే 1986 నుంచి ఏటా ఎండాకాలంలో కెనడా ఉత్తరాన ఉన్న ఎల్స్‌మియర్ దీవికి వెళ్ళి, స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళని దగ్గర్నుంచి చూశారు. 1999లో ఆయన రాసిన వ్యాసం అంతకుముందు చెప్పినదాన్ని సరిదిద్దింది. బయట తిరిగే తోడేళ్ళ గుంపు అంటే మామూలుగా ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలు. పెద్దవి దారి చూపిస్తాయి, పిల్లలు వెంట నడుస్తాయి. ముక్కూ మొహం తెలియని జంతువుల్ని ఒకే కంచెలో పెడితే జరిగే పోరు అక్కడ కనపడదు. తన పాత పుస్తకం అచ్చు ఆపేయమని ప్రచురణకర్తని ఆయనే ఏళ్ళ తరబడి అడిగారు. సిద్ధాంతాన్ని వ్యాప్తి చేసిన మనిషే దాన్ని సరిదిద్దుకుని పాతికేళ్ళు దాటింది. మన ఫోన్లకి మాత్రం ఇంకా పాత మాటే వస్తోంది.

పైగా కుక్క తోడేలు కాదు, వేల ఏళ్ళుగా మనిషి పక్కన బతుకుతున్న జంతువు. మీ రెండు నెలల లాబ్రడార్ మంచం ఎక్కిందంటే ఇంటి మీద పెత్తనం కోసం కాదు. పరుపు మెత్తగా ఉంది, మీ వాసన ఉంది, అంతే. మంచం ఎక్కడం మీకిష్టం లేకపోతే కింద దానికో పరుపు వేసి, అక్కడ పడుకున్నప్పుడు మెచ్చుకోండి. గుమ్మం ముందు మనమే దాటాలి, ముందు మనమే తినాలి లాంటి నియమాల వల్ల నష్టమేమీ లేదు, వాటివల్ల హోదా తేలేది కూడా ఏమీ లేదు. గుమ్మం దగ్గర ఆగడం మాత్రం నేర్పండి. రోడ్డు మీద బండి కింద పడకుండా ఉండటానికి అది అక్కరకొస్తుంది.

ఇక అసలు ప్రమాదమైన సలహా: వెల్లకిలా పడేసి అదిమి పట్టడం.

దీన్ని చాలాసార్లు నా కళ్ళతో చూశాను కాబట్టి ఎలా ఉంటుందో చెప్తాను. మూడున్నర నెలల రాట్‌వైలర్ ఆడుతూ ఆడుతూ పైజమా అంచు పట్టుకుని గుంజుతుంది. యజమాని దాని మెడ పట్టుకుని నేల మీదకి తిప్పేస్తాడు. కాళ్ళు కాసేపు కొట్టుకుంటాయి, తర్వాత కదలిక మొత్తం ఆగిపోతుంది. నోరు బిగుసుకుంటుంది. చెవులు తలకి అంటుకుపోతాయి. మొహం పక్కకి తిప్పుకుని మనిషిని ఓరగా చూస్తుంటే కంటి మూల తెల్లగుడ్డు కనిపిస్తుంది. నాలుక ఒక్కసారి ముక్కు దాకా వచ్చి లోపలికి పోతుంది. అప్పుడు అంటారు, ‘చూశారా, లొంగింది’ అని. అది భయంతో బిగుసుకుపోవడం. ఒక కుక్కపిల్ల పెద్ద కుక్క ముందు పొట్ట చూపించి పడుకోవడం మన వీధిలోనే చూడొచ్చు. తనంతట తానే పడుకుంటుంది, పెద్ద కుక్క దాన్ని పట్టి పడేయదు. బలవంతంగా పడేసినప్పుడు పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే: ఈ చేతులు మీదకి వస్తే ఏదో జరుగుతుంది.

ఈ పద్ధతిని ఇళ్ళలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యులు న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠం సన్యాసులు. జర్మన్ షెపర్డ్‌లని పెంచి శిక్షణ ఇచ్చే ఆ మఠం 1978లో అచ్చు వేసిన పుస్తకంలో ఈ సలహా ఉంది. 2002లో వచ్చిన కొత్త కూర్పులో వాళ్ళే దాన్ని వద్దన్నారు. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు, ప్రవర్తన సమస్యలతో తమ దగ్గరికి వచ్చిన 140 కుక్కల యజమానుల్ని ఏ పద్ధతికి మీ కుక్క ఎలా స్పందించిందని అడిగారు. కొట్టడం, తన్నడం చేసినవాళ్ళలో 43 శాతం మంది తమ కుక్క ఎదురుతిరిగిందని చెప్పారు. వెల్లకిలా పడేసినవాళ్ళలో 31 శాతం, కళ్ళలోకి గుచ్చి చూసినవాళ్ళలో 30 శాతం. అవి ముందే ఏదో ఇబ్బంది ఉన్న కుక్కలు, నిజమే. కానీ ఈ మెసేజ్ ‘నా కుక్క మాట వినట్లేదు’ అనేవాళ్ళకే కదా పంపుతున్నారు.

‘పెద్ద జాతి కదా, మెతగ్గా ఉంటే కుదరదు’ అంటారు. నేను దీన్ని సరిగ్గా తిరగేసి చెప్తాను. పెద్ద జాతి కాబట్టే బలప్రయోగం కుదరదు. ఇవాళ 10 కిలోల పిల్లని మీరు పడేయగలరు. ఏడాది తర్వాత మీ అమ్మగారు పడేయగలరా? పదేళ్ళ బాబు పడేయగలడా? మీరు ఇంట్లో లేనప్పుడు కూడా కుక్క వాళ్ళ మాట వినాలంటే ఆ మాటకి కండబలంతో సంబంధం ఉండకూడదు. ఇంకో సంగతి కూడా ఉంది. పెద్ద జాతుల్లో ఎముకల చివర పెరిగే భాగాలు గట్టిపడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, గ్రేట్ డేన్ లాంటి వాటికి ఇంకా ఎక్కువే. ఆ వయసులో నేలకేసి అదమడం, చోక్ చైన్‌తో (లాగితే మెడకి బిగుసుకునే గొలుసు) మెడ గుంజడం ఒంటికీ మంచిది కాదు.

పళ్ళు పెట్టడం గురించి ఒక మాట. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్ళు సలుపుతాయి. నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ, తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డ ఇవ్వండి. పళ్ళతో చెయ్యి పట్టుకుంటే ఆట ఆపి లేచి వెళ్ళిపోండి, అర నిమిషం తర్వాత వచ్చి బొమ్మతో ఆడించండి. ఇంట్లో అందరూ ఇదే చేయాలి. నాన్న అరచేత్తో ఆడించి, అమ్మ అదే పనికి కసిరితే పిల్లకి ఏమీ అర్థం కాదు.

తినేటప్పుడు గిన్నె లాక్కోవడం కూడా ఇలాంటిదే. రోజూ తిండి లాక్కునే మనిషి దగ్గరికి వస్తుంటే ఏ జంతువు నిశ్చింతగా తింటుంది? నేర్పాల్సింది దానికి వ్యతిరేకం: మనిషి దగ్గరికొస్తే గిన్నెలోకి ఇంకొంచెం మంచిది వస్తుంది. పిల్ల తింటున్నప్పుడు నాలుగడుగుల దూరం నుంచి నడుస్తూ ఒక ఉడికించిన చికెన్ ముక్క గిన్నెలోకి విసిరి ఆగకుండా వెళ్ళిపోండి. కొన్నాళ్ళకి మీ అడుగుల చప్పుడు వినగానే తల ఎత్తి తోక ఊపుతుంది. అప్పుడు కాస్త దగ్గరికి వెళ్ళొచ్చు. ఇప్పటికే గిన్నె దగ్గర గుర్రుమనే పెద్ద కుక్కతో మాత్రం ఈ ప్రయోగం సొంతంగా చేయకండి, తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి.

గుర్రుమనడాన్ని అణచాలన్న సలహా మిగతా అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. గుర్రుమనడమంటే ‘నాకు ఇబ్బందిగా ఉంది, వెనక్కి వెళ్ళు’ అని ముందే చెప్పడం. దానికి దెబ్బ పడితే కుక్క చెప్పడం మానేస్తుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. ‘ఏ హెచ్చరికా లేకుండా కరిచింది’ అని వచ్చే కుటుంబాలని పాత సంగతులు అడిగితే, చాలామంది చెప్పేది ఒకటే: చిన్నప్పుడు గుర్రుమనేదండీ, కొట్టి మాన్పించాం. గుర్రుమంటే ఆ క్షణానికి వెనక్కి తగ్గండి, పిల్లల్ని పక్కకి తీసుకెళ్ళండి, తర్వాత కారణం వెతకండి. ఉన్నట్టుండి మొదలైతే ముందు వెటర్నరీ డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. చెవిలో ఇన్ఫెక్షన్, తుంటి కీలు సమస్య, ఎదిగే వయసు జర్మన్ షెపర్డ్‌లలో తరచూ వచ్చే కాళ్ళ ఎముకల నొప్పి, వీటిలో ఏదున్నా ముట్టుకోనివ్వదు.

ఇప్పుడు టీవీ రుజువు. ఈ క్లిప్పుల్లో ఎక్కువ భాగం అమెరికాలో పేరుపొందిన డాగ్ ట్రైనర్ సీజర్ మిలాన్ ప్రోగ్రామ్‌వి. 2004 నుంచి 2012 దాకా నేషనల్ జియోగ్రాఫిక్ ఛానెల్‌లో వచ్చింది, మన దగ్గరా చాలామంది చూశారు. నిపుణుల్ని సంప్రదించకుండా ఈ పద్ధతుల్ని మీరు ప్రయత్నించవద్దని ఆ ప్రోగ్రామే తెర మీద హెచ్చరిక వేసేది. ఫార్వర్డ్ అయ్యే క్లిప్పుల్లో ఆ అక్షరాలు ఉండవు. గంటల కొద్దీ తీసినది కత్తిరించి నిమిషాల్లో చూపిస్తారు. కెమెరా వెళ్ళిపోయాక మూడో వారంలో ఆ ఇంట్లో ఏం జరిగిందో క్లిప్పులో కనపడదు. ఆయన చెప్పిన వాటిలో మంచివీ ఉన్నాయి. కుక్కకి రోజూ నడక కావాలి, యజమాని చిరాకు పడకుండా నిదానంగా ఉండాలి అన్నవి ముమ్మాటికీ నిజం. టీవీలో వచ్చిందల్లా తప్పని కూడా నేను అనను. 2005లో బ్రిటన్‌లో మొదలైన, డాగ్ ట్రైనర్ విక్టోరియా స్టిల్‌వెల్ ప్రోగ్రామ్ మెప్పుతో, బహుమతితో నేర్పించింది.

ఏ క్లిప్ వచ్చినా నేను చెప్పే పరీక్ష ఒక్కటే. సౌండ్ మ్యూట్ చేసి, మనిషిని వదిలేసి కుక్కని మాత్రమే చూడండి. ‘ఇప్పుడు ప్రశాంతంగా ఉంది’ అన్న వ్యాఖ్యానం, వెనక సంగీతం తీసేస్తే తోక ఎక్కడుందో, నోరు ఎలా ఉందో, పెదాలు ఎన్నిసార్లు నాకిందో, మొహం ఎటు తిప్పుకుందో కనపడుతుంది. 2012లో హోలీ అనే లాబ్రడార్ గిన్నె దగ్గర మిలాన్ చేతిని కరిచిన ఎపిసోడ్‌ని ఇలా చూడండి. కరవడానికి ముందు ఆ కుక్క శరీరమంతా ‘చాలు’ అని చెబుతూనే ఉంది.

‘బిస్కెట్ లంచం’ అన్నదానికి జవాబు చిన్నదే. లంచం పనికి ముందు చూపిస్తారు, జీతం పని అయ్యాక ఇస్తారు. ముందు కూర్చోమనండి, కూర్చున్నాక జేబులోంచి తీసి ఇవ్వండి. సెనగ గింజంత ముక్క చాలు, దాన్ని రోజు తిండిలోంచే తగ్గించండి, ఎందుకంటే పెద్ద జాతి పిల్ల బొద్దుగా పెరగకూడదు. అమెరికాలో 48 లాబ్రడార్లని జీవితాంతం గమనించిన అధ్యయనంలో తక్కువ తిని సన్నగా ఉన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. డాక్టర్ చెప్పకుండా కాల్షియం సిరప్ కూడా పోయకండి, ఎక్కువైన కాల్షియం పెద్ద జాతి పిల్లల ఎముకల్ని వంకర చేస్తుంది. ఇక బహుమతి పెద్ద కుక్కలకి చాలదన్న మాటకి, పేలుడు పదార్థాలు వెతికే డాగ్ స్క్వాడ్ కుక్కల్ని చూడండి. పని పూర్తయ్యాక దొరికే బంతి కోసం, మెచ్చుకోలు కోసం గంటల తరబడి వెతుకుతాయి. 2020లో పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలని పోల్చి చూస్తే, గుంజడం, షాక్ లాంటి వాటితో నేర్పిన కుక్కల్లోనే ఒత్తిడి లక్షణాలు ఎక్కువ కనిపించాయి. ఆ మరుసటి ఏడాది అమెరికాలోని జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం, ఏ కుక్కకైనా బహుమతితోనే నేర్పాలని ప్రకటించింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువుని కొట్టి, తన్ని అనవసరమైన బాధ పెట్టడం నేరం కూడా.

ఆ మెసేజ్ చెప్పకుండా వదిలేసిన విషయం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. మూడో వారం నుంచి సుమారు 14వ వారం దాకా కుక్కపిల్ల ఏది మామూలో ఏది ప్రమాదమో మనసులో రాసుకుంటుంది. మనం ఇంటికి తెచ్చేసరికే అందులో సగం అయిపోయి ఉంటుంది. మిగిలిన ఆ కొద్ది వారాల్లో లీడర్ ఎవరో తేల్చే పని పెట్టుకుంటే చేయాల్సిన పని మిగిలిపోతుంది. మొదటి టీకా వేయించి వారం దాటాక, డాక్టర్ని అడిగి, చంకలో ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళండి. హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, గ్యాస్ బండ మోసేవాళ్ళు, కర్రతో నడిచే తాతగారు, లిఫ్టు, కుక్కర్ విజిల్, స్కూలు వదిలినప్పుడు పిల్లల అరుపులు, అన్నీ దూరం నుంచి చూడనివ్వండి, చూసిన ప్రతిసారీ ఒక ముక్క పెట్టండి. బెదిరితే ఇంకా దూరం జరగండి, బలవంతంగా దగ్గరికి తోయకండి. వీధి కుక్కలు తిరిగే నేల మీద మాత్రం టీకాలన్నీ అయ్యేదాకా దించకండి.

ట్రైనర్ని పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, మంచివాళ్ళు ఉన్నారు. పిల్లని అప్పగించేముందు రెండు ప్రశ్నలు అడగండి: చెప్పింది చేస్తే నా కుక్కకి ఏం దొరుకుతుంది? చేయకపోతే దాన్ని ఏం చేస్తారు? రెండో ప్రశ్నకి చైన్ గుంజుతాం, పడేస్తాం, షాక్ ఇస్తాం అన్న జవాబు వచ్చినా, ‘మీరు ఎదురుగా ఉండకూడదు, నెల రోజులు మా దగ్గర వదిలేయండి’ అన్నా, పిల్లని తీసుకుని ఇంటికి వచ్చేయండి.